రాయల కులం సరే, బండలు కొట్టినవారి పేరేది?

ఉదయగిరిలో 1931లో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు, అరవై ఏళ్ల తర్వాత తెలుగు తెర మీదికి ఒక కాలయంత్రాన్ని తీసుకువచ్చారు. 1991 జూలైలో విడుదలైన 'ఆదిత్య 369' చిత్రంలో ఆ యంత్రం 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి చేరుతుంది. అక్కడి నుంచి ముందుకు దూకి 2504 నాటి భవిష్యత్తును చూపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఆ చిత్రం మళ్లీ థియేటర్లకు వచ్చింది. చిన్నప్పుడు చూసినవారు ఈసారి తమ పిల్లలను వెంటబెట్టుకొని చూశారు. తెలుగు విజ్ఞాన కల్పనకు నేటికీ అదే మొదటి మైలురాయి.

ఆ యంత్రం ఆగిన కాలానికీ, దాన్ని ఊహించిన దర్శకుడి స్వస్థలానికీ ఒక చారిత్రక బంధం ఉంది. రాయలు గజపతుల చేతి నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నది 1514లో. చిత్రకథ చేరేది ఆ విజయం జరిగిన పన్నెండేళ్లకు. తెర మీద రాయలకు పేరుంది, తెనాలి రామకృష్ణుడికి పేరుంది, రాజనర్తకి సింహనందినికీ పేరుంది. ఇలాంటి రాచసభా దృశ్యం ఏ చిత్రంలో వచ్చినా తెర అంచున మరికొందరు నిలబడి ఉంటారు. ఈటె పట్టుకున్నవాడు, వింజామర వీచే స్త్రీ, పల్లకీ మోసే బోయీ, దివిటీ పట్టినవాడు. వారిది ఏ ఊరు? ఏ కులం? పని ముగిశాక ఏ వాడకు వెళ్లి ఏం తిని పడుకున్నారు? ఈ ప్రశ్నలను ఒక కాలక్షేపంగా వేసుకోవచ్చు. కానీ కులసమాజంలో ఈ కాలక్షేపం ఎక్కువసేపు కాలక్షేపంగా మిగలదు.

ఐస్‌క్రీం యంత్రం మోసినవాడు

పాశ్చాత్య విజ్ఞాన కల్పనలో ఈ ఆటకు పెద్ద సంప్రదాయమే ఉంది. 1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' చిత్రంలో మేఘాల నగరం ఖాళీ అవుతున్న వేళ ఒక వ్యక్తి క్షణకాలం తెర మీద పరుగెత్తుతాడు. అతని చేతిలో ఉన్నది చూడటానికి ఇంట్లో ఐస్‌క్రీం చేసుకునే యంత్రంలా ఉంటుంది. సంభాషణ లేదు, పేరు లేదు. అయినా స్టార్ వార్స్ లోకం అతన్ని వదిలిపెట్టలేదు. విల్‌రో హుడ్ అని పేరు వచ్చింది. వృత్తి వచ్చింది. చేతిలోని ఆ వస్తువు శత్రువుకు చిక్కకూడని సమాచారమున్న కంప్యూటర్ భాగమన్న కథ కూడా వచ్చింది. మొదటి చిత్రంలోని పానశాలలో క్షణకాలం కనిపించిన వింతజీవుల మీద 1995లో ఒక కథాసంకలనమే వెలువడింది. 2017లో, ఆ చిత్రానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా, దాని అంచుల్లోని పాత్రల దృష్టి నుంచి చెప్పిన నలభై కథలతో మరో సంకలనం వచ్చింది.

అక్కడ కూడా పేరు అందరికీ ఒకే వేగంతో అందలేదు. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' ధారావాహికలో నిషెల్ నికోల్స్ అనే నల్లజాతి నటి లెఫ్టినెంట్ ఉహురా పాత్ర ధరించింది. నౌకలో కీలకమైన ఉద్యోగమే. కానీ ఆమె మొదటి పేరు ఏమిటో తెర చెప్పలేదు. నియోటా అన్న పేరు పుస్తకాల్లో ముందే వాడుకలో ఉన్నా, తెర మీద అది వినబడటానికి 2009 నాటి చిత్రం రావలసి వచ్చింది. నలభై ఏళ్లకు పైబడిన ఈ జాప్యాన్ని కుట్ర అనక్కర్లేదు. ఎవరి పూర్తి పేరు అడగాలని తోస్తుందో, ఎవరిది అడగాలని తోచదో సమాజం ముందే నేర్పి ఉంచుతుంది. మన పల్లెల్లో కరణానికీ మునసబుకూ ఇంటిపేరు, గోత్రం, తాతముత్తాతల పేర్లు తెలిసి ఉండేవి. వెట్టివాడు మాత్రం వెట్టివాడే. అతని పేరు ఊరికి అవసరం లేదు, కేక వేస్తే చాలు.

నూనిజ్ లెక్కలో లేనివారు

ఉదయగిరి కోట ముట్టడి గురించి మనకు దొరికే వివరమైన కథనాల్లో ఒకటి ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారిది. ముట్టడి జరిగిన రెండు దశాబ్దాల తర్వాత, విజయనగరంలో విన్నదాన్ని అతడు రాసిపెట్టాడు. రాబర్ట్ సూయెల్ 1900లో ప్రచురించిన గ్రంథం ద్వారా అది ఇంగ్లీషు పాఠకులకు అందింది. రాయల వెంట 34 వేల కాల్బలం, 800 ఏనుగులు ఉన్నాయని నూనిజ్ లెక్క చెబుతాడు. కోటలో 10 వేల కాల్బలం, 400 గుర్రాలు. ముట్టడి ఏడాదిన్నర సాగింది. కోటకు ఉన్న ఒకే ఒక్క దారి, మనిషి వెనుక మనిషి మాత్రమే నడవగలిగినంత ఇరుకు. రాయలు పెద్ద పెద్ద బండలను పగలగొట్టించి, ఆ దారిని వెడల్పు చేయించి, మరికొన్ని కొత్త దారులు వేయించి కోట బురుజుల దాకా చేరాడని అతని కథనం.

ఈ కథనంలో ఏనుగుల లెక్క ఉంది, గుర్రాల లెక్క ఉంది. గెలుపును సాధ్యం చేసింది దారి అని నూనిజే ఒప్పుకుంటున్నాడు. ఆ దారి వేసినవారి లెక్క మాత్రం లేదు. పద్దెనిమిది నెలల పాటు ఎండలో, వానలో, పైనుంచి కోటవారి దెబ్బలకు వెరవక బండలు కొట్టిన చేతులు ఎవరివి? వారు సైనికులా, వెట్టికి పట్టి తెచ్చిన చుట్టుపక్కల పల్లెల జనమా, రాతిపనే కులవృత్తిగా బతికినవారా? కథనం మౌనం వహిస్తుంది. అదే విజయానికి గుర్తుగా ఉదయగిరి నుంచి బాలకృష్ణ విగ్రహాన్ని తరలించి, హంపీలో ఆలయం కట్టించి ప్రతిష్ఠించారు. దాన్ని ప్రతిష్ఠించిన రాజు పేరు శాసనంలో ఉంది. కొండ దించి, కనుమలు దాటించి, విగ్రహాన్ని అంత దూరం మోసినవారి పేర్లు లేవు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. ఆ సంపుటాలు తిరగేసేవారికి దాతల పేర్లు, దానమిచ్చిన భూముల ఎల్లలు పుష్కలంగా కనిపిస్తాయి. ఆ భూమిని దున్నినవారి పేర్లు అరుదు.

ఇది ఐదు శతాబ్దాల నాటి ముచ్చట మాత్రమే కాదు. ఆత్మకూరు నుంచి పడమటికి పోతే అనంతసాగరం మండలంలో పెన్న మీద సోమశిల జలాశయం వస్తుంది. దాని సామర్థ్యం 78 టీఎంసీలని ఈ ప్రాంతంలో బడిపిల్లలకు కూడా తెలుసు. శిలాఫలకాల మీద మంత్రుల పేర్లుంటాయి. దేశమంతటా ఇలాంటి ఆనకట్టల కింద మట్టి తవ్విన వడ్డెరల పేర్లు, తట్టలు మోసిన పాలమూరు కూలీల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరుకు వచ్చింది. ఇంట్లో కూర్చొని చెక్కను చెక్కి, గీకి, నునుపు చేసే ముస్లిం మహిళ పేరు గరిటె కొన్నవారికి నేటికీ తెలియదు. నూనిజ్ పద్ధతి మారలేదు. వస్తువు లెక్కలోకి వస్తుంది, చెయ్యి రాదు.

ఇక్కడే మరొక విచిత్రాన్ని గమనించాలి. రాయలు మావాడంటే మావాడని తెలుగునాట ఒకటికి మించిన కులాలు వాదించుకుంటాయి. పుస్తకాలు వేస్తాయి, విగ్రహాలు నిలుపుతాయి, జయంతులు జరుపుతాయి. ఆ రాజుకు దారి వేసినవారు మావారని వాదానికి దిగిన కులసంఘం మాత్రం లేదు. గతంలో అందరికీ సింహాసనం మీద బంధువు కావాలి, సమ్మెట పట్టిన బంధువు ఎవరికీ అక్కర్లేదు. మన చరిత్ర చర్చలోని జబ్బు ఇదే. తెర అంచున నిలబడినవారికి పూర్వకథ రాయాలన్న ఆలోచన విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది.

పూర్వకథ ఒక అధికారం

చిన్న పాత్రలకు పెద్ద పూర్వకథలు అల్లడం మనకు కొత్త కాదు. వైకుంఠంలో తలుపు దగ్గర నిలబడే కాపలాదారులు ఇద్దరు. జయుడు, విజయుడు. సనకసనందనాదుల శాపం వల్ల హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టారని మూడు జన్మల చరిత్ర వారికి దక్కింది. ద్వారపాలకులకు ఇంతటి కథ దక్కడం ఏ పాశ్చాత్య కల్పనకూ తీసిపోదు. అయితే వారు కాపలా కాసింది వైకుంఠ ద్వారం. ఊరి గవిని దగ్గర రాత్రంతా మేలుకొని కాపలా కాసిన తలారికి ఏ పురాణమూ ఒక్క జన్మ కథైనా ఇవ్వలేదు.

ఒకవేళ ఇచ్చినా, అది అతని మేలు కోసం ఇచ్చినది కాదు. పూర్వజన్మలో చేసుకున్న పాపం వల్ల ఈ జన్మలో ఈ కులంలో పుట్టాడన్నది ఈ దేశం కోట్లాది మందికి రాసిపెట్టిన ఏకవాక్య పూర్వకథ. అందులో మనిషికి ఊరు లేదు, తల్లి లేదు, ఇష్టాయిష్టాలు లేవు. ఉన్నది తీర్పు ఒక్కటే. అణిగి ఉన్నవాడి స్థితికి కారణం అతనిలోనే, అతనికే గుర్తులేని గతంలో ఉందని నమ్మించగలిగితే, ఇక అణచినవారిని ఎవరూ ప్రశ్నించరు. కర్మసిద్ధాంతానికి తాత్విక వ్యాఖ్యానాలు ఎన్నైనా ఉండవచ్చు. కులం చేతిలో అది నిర్వహించిన పని మాత్రం ఇది.

వలస పాలన ఇదే పనిని చట్టంతో చేసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించింది. పుట్టుకతోనే దొంగలన్న పూర్వకథను ప్రభుత్వం కొన్ని జాతుల నుదుట రాసింది. మన జిల్లాలోని కావలిలోనే ఎరుకలవారి కోసం అమెరికన్ బాప్టిస్టు మిషనరీల నిర్వహణలో సెటిల్‌మెంటు నడిచింది. చీపుర్లు, గంపలు అల్లి, ఉప్పు, ధాన్యం మోసుకొని ఊరూరా తిరిగి బతికినవారి సంచారాన్ని నేరానికి సన్నాహంగా చదివారు. చట్టం 1952లో రద్దయింది. కథ రద్దు కాలేదు. ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి గుడిసె దగ్గరకు పోలీసు జీపు వెళుతుందో అందరికీ తెలుసు.

యానాదుల విషయం ఇంకా సూక్ష్మమైనది. ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు అత్యధికంగా ఉన్నది నెల్లూరు ప్రాంతంలోనే. ఆ పేరు 'అనాది' నుంచి వచ్చిందని ఒక వ్యుత్పత్తి చెబుతారు. అనాది అంటే మొదలు లేనిది. ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవారన్న గౌరవం ఆ మాటలో ఉండవచ్చు. ఆచరణలో మాత్రం దానికి వేరే అర్థం స్థిరపడింది. మొదలు లేనివారికి చరిత్ర ఉండదు, చరిత్ర లేనివారికి పత్రం ఉండదు. చెరువు గట్టు మీదో, రొయ్యల గుంట పక్కనో, రైతు తోటలోనో కాపలా ఉండే యానాది కుటుంబాల్లో జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు లేనివారి గురించి వార్తలు వస్తూనే ఉంటాయి. పుట్టిన తేదీ లేని బిడ్డ బడిలో చేరడం కష్టం, కార్డు లేని వృద్ధురాలికి పింఛను రావడం కష్టం. సినిమాలో పేరులేని పాత్రకు జరిగే నష్టం ఊహాలోకంలోనిది. ఊళ్లో పేరులేని మనిషికి జరిగే నష్టం బియ్యంలో, మందులో, చదువులో లెక్కకు వస్తుంది.

కాబట్టి పూర్వకథ రాయడం అమాయకమైన పని కాదు. ఎవరు ఎవరికి రాస్తున్నారు, ఎందుకు రాస్తున్నారు అన్నదాన్ని బట్టి అది విడుదల పత్రం కావచ్చు, అరెస్టు వారెంటూ కావచ్చు.

కింది నుంచి వచ్చిన కథలు

ఈ సంగతి అణగారిన కులాలకు ఏనాడో తెలుసు. రామాయణంలో జాంబవంతుడిది చిన్న పాత్ర. హనుమంతుడికి అతని బలాన్ని గుర్తుచేసి, సముద్రం దాటించి, పక్కకు తప్పుకుంటాడు. మాదిగలు ఆ వృద్ధుడిని పక్కన వదిలేయలేదు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టిన ఆదిపురుషుడిగా నిలబెట్టి, తమ కులమూలాన్ని అతనిలో చూసుకొని జాంబపురాణాన్ని నిర్మించుకున్నారు. మాదిగలను ఆశ్రయించిన డక్కలివారు పటం విప్పి ఆ కథ చెప్పారు, చిందువారు ఆడి చూపించారు. ఇతిహాసపు అంచున ఉన్న పాత్రను సృష్టికే కేంద్రంగా మార్చిన ఈ కల్పన అక్షరం దక్కనివారి మేధస్సు నుంచి పుట్టింది. అలాగే పెళ్లిపీటల మీద కొత్త దంపతులకు చూపించే నక్షత్రం అరుంధతి. ఆమె తమ ఇంటి ఆడబిడ్డ అని ఒక కులం గట్టిగా చెప్పుకొని, అరుంధతీయులమని తమకు తాము పేరు పెట్టుకుంది. ఇతరులు తిట్టుగా వాడిన పేరుకు బదులు ఆకాశం నుంచి ఒక పేరు తెచ్చుకున్న సాహసం అది.

ఆధునిక సాహిత్యం ఈ దారిలోనే నడిచింది. ఉత్తర రామకథలో తల తెగడానికి మాత్రమే కనిపించే శంబుకుడిని త్రిపురనేని రామస్వామి చౌదరి నాటకానికి కేంద్రం చేశారు. గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' వెలువరించి, కావ్యాల్లో చోటే లేని అస్పృశ్యుడి నిట్టూర్పును కావ్యవస్తువు చేశారు. ఓల్గా 'విముక్త' కథల్లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ తమ కథ తామే చెప్పుకున్నారు. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' వీధినాటకం ఆడిన మాల మాదిగ కళాకారుల తరతరాల జ్ఞాపకాన్ని నవలగా నిలిపింది. ఏ సాహిత్య చరిత్రలోనూ పేరు దొరకని కవులు, ఆటగాళ్లు ఆ నవలలో తాతలుగా, అవ్వలుగా లేచి వచ్చారు. వీటిని విజ్ఞాన కల్పన అని ఎవరూ అనరు. కానీ ఉన్న లోకపు అంచుల నుంచి ఒకరిని పిలిచి, నీ కథ చెప్పమని అడగడమే రెండింటి పద్ధతీ.

కాలయంత్రం అందరికీ ఒకటేనా?

విజ్ఞాన కల్పన మనకు ఇవ్వగలిగిన ప్రత్యేకమైన ప్రశ్న ఒకటుంది. ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి రచయిత్రి 1979లో 'కిండ్రెడ్' నవల రాసింది. 1976లో కాలిఫోర్నియాలో ఉంటున్న డేనా అనే నల్లజాతి రచయిత్రి, కారణం తెలియకుండానే, బానిసత్వం నడుస్తున్న నాటి మేరీలాండ్ తోటలోకి మళ్లీ మళ్లీ లాగబడుతుంది. ఒకసారి ఆమె తెల్లజాతి భర్త కూడా వెంట వెళతాడు. అక్కడ అతను దొర, ఆమె అతని సొత్తు. వారు వచ్చింది ఒకే ఇంటి నుంచి, చేరింది ఒకే కాలానికి. అయినా గతం ఒకరికి విడిది, మరొకరికి చెర అయింది.

ఈ వెలుగులో మన కాలయంత్రాన్ని చూద్దాం. ఆత్మకూరులో ఏదో ఒక సంక్షేమ వసతి గృహంలో చదువుకుంటున్న దళిత బాలిక ఆ యంత్రం ఎక్కి 1526లో దిగిందనుకుందాం. ఆమె సభామండపంలో దిగుతుందా? దిగితే ఎంతసేపు నిలవగలదు? ఎవరివని అడిగిన మొదటి ప్రశ్నకు ఆమె ఏం జవాబు చెబుతుంది? కథానాయకుడు రాజుగారి అతిథిగా విందు ఆరగించే ఆ నగరంలో ఆమె నీళ్లు తాగడానికి ఏ బావి దగ్గరకు వెళ్లాలి? గతవైభవం గురించి మనం మాట్లాడుకునే మాటలన్నీ యంత్రం ఎక్కినవాడు సభలోనే దిగుతాడన్న నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. స్వర్ణయుగం ఎవరిదని అడగడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, ఆ బాలికను దిగనిస్తే చాలు.

భవిష్యత్తు విషయంలోనూ ఇదే ప్రశ్న వేయాలి. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' కాశీ నగరాన్ని ఎనిమిది శతాబ్దాలకు పైగా ముందుకు తీసుకుపోయింది. పైన అన్నీ ఉన్న కొద్దిమంది, కింద నీటికీ గాలికీ అల్లాడే జనం అన్న విభజనను అది స్పష్టంగానే చూపించింది. కానీ ఆ కింది జనంలో శవాలను మోసేది ఎవరు, మురుగు తీసేది ఎవరు అన్న ప్రశ్న దగ్గర మన భవిష్య కల్పనలు ఆగిపోతాయి. ఆ కాలానికి కులం పోయిందనుకుంటే, ఎలా పోయిందో ఎవరో ఒకరు చెప్పాలి. పోలేదనుకుంటే, ఎవరు ఏ పని చేస్తున్నారో చూపించాలి. రెండూ చేయని భవిష్యత్తు నేటి వీధినే కొత్త దీపాలతో చూపిస్తుంది.

కల్పనకు కట్టుబాట్లు

కల్పన పేరుతో ఏమైనా రాయవచ్చా అన్న అభ్యంతరం సహజం. చరిత్ర పేరిట ప్రతి కులమూ తనకు నచ్చిన కట్టుకథను ప్రచారం చేసుకుంటున్న రోజుల్లో ఈ అభ్యంతరానికి బలం కూడా ఉంది. అందుచేత కొన్ని కట్టుబాట్లు అవసరం.

మొదటిది, పేరులేనివాడిని మారువేషంలోని రాజుగా మార్చకూడదు. బండలు కొట్టినవాడు నిజానికి రాజ్యం పోగొట్టుకున్న క్షత్రియుడని రాస్తే, బండలు కొట్టడం అవమానమని మనమే ఒప్పుకున్నట్లు అవుతుంది. గౌరవం ఆ పనిలోనే కనబడాలి. రెండోది, తెలిసినదానికీ ఊహించినదానికీ మధ్య గీత చెరిపేయకూడదు. నూనిజ్ చెప్పింది ఇంత, మేము ఊహించింది ఇంత అని పాఠకుడికి కనబడాలి. కర్మకథకూ నేరస్థ జాతుల చట్టానికీ లేని నిజాయతీ అదే. మూడోది, కథను పని నుంచి మొదలుపెట్టాలి. పనిలో జ్ఞానం ఉంటుంది, జ్ఞానం ఉన్నచోట మనిషి ఉంటాడు.

ఈ కట్టుబాట్లతో ఒక చిన్న ప్రయత్నం చేయవచ్చు. ఉదయగిరి కొండ దారిలో ఒక బండ. ఇక్కడి నుంచి అంతా ఊహ. ఒక నడివయసు స్త్రీ ఆ బండను చేత్తో తడుముతుంది. రాతికి నరం ఎటు ఉందో ఆమెకు వేలికొసలతో తెలుసు. ఆమె చూపిన గీత వెంట భర్త ఉలితో వరుసగా గుంటలు తొలుస్తాడు. ఆ గుంటల్లో ఎండిన చెక్క మేకులు బిగించి, ఆమె కొండ కింది నుంచి మోసుకొచ్చిన నీళ్లు పోస్తుంది. చెక్క ఉబ్బి, తెల్లవారేసరికి బండ నిలువునా చీలుతుంది. చీలిన చప్పుడుకు పక్కనున్న సైనికులు ఉలిక్కిపడతారు, ఆమె పడదు. ఆ మధ్యాహ్నం పైనుంచి దొర్లిన రాయికి వారి బృందంలో ఒకడు చనిపోతాడు. ముట్టడి ఆగదు. సాయంత్రం ఆమె వండిన సంకటి ముద్దల్లో ఒకటి మిగిలిపోతుంది. ఆ ముద్దను ఎవరికి పెట్టాలో తెలియక ఆమె కాసేపు అలాగే కూర్చుంటుంది. కోట పట్టుబడిన నాడు మేళతాళాలు ఆ దారి మీదుగానే వెళ్లాయి. ఆమె అప్పటికి మరో బండ దగ్గర ఉంది.

ఇందులో రాజు లేడు, కుట్ర లేదు, దైవాంశ లేదు. రాతిని చెక్క మేకులతో, నీటితో చీల్చే పద్ధతి మన రాతిపనివారి జ్ఞానంలోనిది. మిగిలినదంతా ఊహ. అయినా ఇంత చదివాక ఉదయగిరి కొండ ఎక్కేవారు కాళ్ల కింది దారిని ముందులా చూడలేరు.

ఇలాంటి పనికి మన బడులే తగిన చోటు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల పిల్లలను విహారయాత్ర పేరుతో కోటకు తీసుకువెళుతూనే ఉంటారు. రాజుల జాబితా రాయించి మార్కులు వేసే బదులు, కోట గోడలో ఒక రాయిని ఎంచుకొని దాన్ని అక్కడికి చేర్చిన మనిషి ఒక రోజును రాయమని అడగవచ్చు. సోమశిల గట్టు మీద నిలబెట్టి, మీ అవ్వనో తాతనో ఆ రోజుల్లో ఎవరు ఏ పని చేశారో అడిగి రమ్మని పంపవచ్చు. పంటలు నమ్ముకోలేక బెంగళూరు, చెన్నై నగరాల్లో భవన నిర్మాణానికి వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు ఈ మెట్ట ప్రాంతపు తరగతి గదుల్లో ఉన్నారు. తమ తండ్రి కట్టిన బహుళ అంతస్తుల భవనం మీద ఎవరి పేరు ఉందో వారికి తెలుసు. అలాంటి బాలుడు కోట రాయి ముందు కూర్చొని రాసే కథకు మరొకరి పరిశోధన సాటిరాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అట్టడుగు కులాల పిల్లలకు అట్టడుగు పాత్రలనే అప్పగించకూడదు. వడ్డెర కాలనీ పిల్లవాడు బండలు కొట్టినవాడి కథ మాత్రమే రాయాలి, అగ్రకుల బాలుడు రాజు కథ రాయాలి అంటే మనం తరగతి గదిలో మళ్లీ ఊరినే కట్టినట్లు. యానాది బాలిక రాయల గురించి రాయాలి, 2504 గురించి రాయాలి. రెడ్డి, కమ్మ, బ్రాహ్మణ పిల్లలు ఆ నీళ్లు మోసిన స్త్రీ గురించి రాయాలి. రాయడానికి ఆమెకు ఏ బావి నీళ్లు అందాయో వారు ఆలోచించవలసి వస్తుంది. కులం గురించి ఏ ఉపన్యాసమూ వేయించలేని ప్రశ్నను ఆ ఒక్క వాక్యం వేయిస్తుంది.

ఐస్‌క్రీం యంత్రం పట్టుకొని పరుగెత్తినవాడికి ఒక దేశపు ప్రేక్షకులు ఆటగానే పేరు పెట్టుకోగలిగారు. మనం ఐదు వందల ఏళ్లుగా ఆ పాటి పని కూడా చేయలేదు. పై ఊహలోని స్త్రీకి ఈ వ్యాసంలో కావాలనే పేరు పెట్టలేదు. రాతికి నరం ఎటు ఉందో ఇంట్లోవారిని అడిగి తెలుసుకోగల పిల్లలు ఆ కొండ కింద ఉన్నారు. ఆమె పేరు వారే చెప్పాలి.